లేత్ తర్వాత కొనొచ్చు, ముందు స్నూకర్ పార్లర్లు పారేసే క్యూలు పోగేయండి

స్నూకర్, బిలియర్డ్స్, పూల్ ఆడే కర్రల్ని, అంటే క్యూలని, రిపేరు చేయడం, తయారు చేయడం నేర్చుకోవాలని మీరు అడిగినవి నాలుగు. ఏ లేత్ (తిప్పుతూ చెక్కే యంత్రం) కొనాలి, ఎవరి దగ్గర నేర్చుకోవాలి, బెంగళూరులో సామాను ఎక్కడ దొరుకుతుంది, ఊళ్ళో ఇంట్లో పడున్న టేకు, ఎర్రచందనం ముక్కలతో క్యూ చేయొచ్చా. మొదటిదానికి జవాబు చిన్నది: ఇప్పుడే ఏదీ కొనకండి. నేను బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో ఒక టూల్‌రూమ్‌లో, అంటే పనిముట్లు, అచ్చులు చేసే చోట, పని చేస్తాను. పగలంతా లేత్‌ల మధ్యే ఉంటాను, సాయంత్రాలు మా ఏరియా పార్లర్ల క్యూలు రిపేరు చేస్తాను. రోజూ లేత్ పట్టుకునేవాణ్ని కూడా ఇంట్లో లేత్ లేకుండానే చాలాకాలం నెట్టుకొచ్చాను. మీ దగ్గరికి వచ్చే రిపేర్లలో ఎక్కువ భాగానికి బ్లేడు, గరుకు కాగితం, జిగురు, ఓపిక ఉంటే చాలు.

ముందు పేర్లు చెప్తాను: క్యూలో సన్నటి పై భాగం షాఫ్ట్, చేత్తో పట్టుకునే లావు భాగం బట్, కొసన బంతిని తాకే తోలు ముక్క టిప్, దాని కింద ఉండే తొడుగు ఫెరూల్, రెండు ముక్కలు కలిసే చోటు జాయింట్. ఇక ఇంకో సంగతి. మీరు యూట్యూబ్‌లో చూసేవి దాదాపు అన్నీ అమెరికా వాళ్ళ వీడియోలే అయ్యుంటాయి. అక్కడంతా పూల్: 58 అంగుళాల క్యూ, మేపుల్ కలప షాఫ్ట్, ఇంచుమించు 13 మి.మీ. టిప్, కింద ఫైబరో ప్లాస్టికో ఫెరూల్, సరిగ్గా మధ్యలో జాయింట్. బెంగళూరు ప్రపంచ ఛాంపియన్ పంకజ్ అద్వానీ ఆడి పెరిగిన ఊరు, ఇక్కడి క్లబ్బుల్లో స్నూకర్‌కీ బిలియర్డ్స్‌కీ పెద్దపీట. మీరు పూల్ ఆడినా, మీ చేతికొచ్చే వాటిలో చాలావరకు యాష్ కలప షాఫ్ట్, తొమ్మిదిన్నర మి.మీ. టిప్, ఇత్తడి ఫెరూల్, ముప్పావు దగ్గర జాయింట్ ఉన్న స్నూకర్ క్యూలే ఉంటాయి. పద్ధతి ఒకటే గానీ కొలతలు వేరు, జిగురు పట్టే తీరు వేరు. వీడియోలో వాళ్ళు చేసింది చేసినట్టు ఇత్తడి మీద చేస్తే రెండు ఆటల్లో టిప్ ఎగిరి టేబుల్ మీద పడుతుంది.

ఎవరి దగ్గర నేర్చుకోవాలంటే, క్యూ తయారీ కోర్సు కోసం వెతుకుతూ కూర్చోకండి. పాత క్లబ్బుల్లో మార్కర్లుంటారు. స్కోరు చెప్పడం, టేబుల్ బ్రష్ చేయడం, గుడ్డకి ఇస్త్రీ పెట్టడం, టిప్పులు మార్చడం అన్నీ వాళ్ళ పనే. నాకు నేర్పినాయన అలా రిటైరైన మార్కర్, కోలారు వైపు తెలుగాయన. డబ్బు తీసుకోలేదు గానీ కాఫీలు బాగా తాగాడు. ఆయన చెప్పే పాఠం ఒక్కటే: "టిప్పు అతికించేది కాదప్పా, కూర్చోబెట్టేది. కూర్చుంటే జిగురుకి పెద్ద పనే ఉండదు." ఆటగాళ్ళ కంటే మార్కర్ల దగ్గరే ఈ విద్య ఉంటుందని నా నమ్మకం. ఆటగాడికి తన క్యూ ఒక్కటే తెలుసు, మార్కరు చేతిలో వందల క్యూలు తిరుగుతాయి. కర్ణాటక స్టేట్ బిలియర్డ్స్ అసోసియేషన్ టోర్నమెంట్లు జరిగేటప్పుడు వెళ్ళి ఒక మూల నిలబడితే ఇలాంటివాళ్ళు తప్పకుండా కనిపిస్తారు. అన్నా అని పలకరించి, చేతిలో పని ఉన్నప్పుడు మాత్రం మాట్లాడించకండి.

సాధన చేయడానికి క్యూలు కావాలి కదా. పార్లర్ ఓనర్లని అడగండి. వంకర పోయినవి, ఫెరూల్ పగిలినవి, టిప్ లేనివి ఏ మూలనో కట్టగా పడి ఉంటాయి. పార్లర్ అందరికీ ఆడటానికి ఇచ్చే చౌక హౌస్ క్యూలు చాలావరకు రామిన్ అనే కలపతో చేసినవి, పాడైనా ఎవరూ ఏడవరు. "టిప్పులు ఊరికే మారుస్తాను, పాతవి నాకివ్వండి" అంటే కాదనే ఓనరు ఉండడు. అలా ఒక పది క్యూలు పోగేశారంటే అదే మీ బడి.

ఇక టిప్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. రేపు మీరు సొంతంగా క్యూ చేసినా, ఆటగాడు దాన్ని మెచ్చుకునేదీ తిట్టేదీ టిప్‌ని బట్టే.

పాత టిప్‌ని బ్లేడుతో కోసేసి, మిగిలిన తోలు పొర, జిగురు గీకేయండి. తర్వాత ఫెరూల్ ముఖం చదును చేయాలి. కొత్తవాళ్ళ పని చెడేది ఇక్కడే. క్యూని చేత్తో పట్టుకుని గరుకు కాగితం మీద రుద్దితే చెయ్యి ఊగుతుంది, అంచులు అరిగి మధ్యలో గుబ్బ మిగులుతుంది. పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది, టిప్ మాత్రం ఆ గుబ్బ మీదే నిలబడి చుట్టూ సందు ఉండిపోతుంది. దీనికి ఒక గట్టి చెక్క దిమ్మ తీసుకుని, డ్రిల్ ప్రెస్ మీద నిటారుగా రంధ్రం వేయించుకోండి. ఫెరూల్ అందులో ఊగకుండా దూరాలి. స్నూకర్‌కి ఒకటి, పూల్‌కి ఒకటి. గాజు పలక మీద 400 నంబరు కాగితం అతికించి, దాని మీద దిమ్మ పెట్టి, పైనుంచి క్యూ దించి మెల్లగా తిప్పండి. దిమ్మ కదలదు, క్యూ ముఖం మాత్రమే అరుగుతుంది. డబ్బు పోసి కొనే పనిముట్టు చేసే పని ఇదే.

టిప్ అడుగు కూడా అదే కాగితం మీద రుద్దాలి, నున్నటి పొర పోయి తోలు గరుకు తేలాలి. జిగురు పెట్టకముందే టిప్‌ని ఫెరూల్ మీద ఆనించి ట్యూబ్‌లైట్ వైపు పట్టి చూడండి. వెలుగు గీత ఎక్కడా కనిపించకపోతే కూర్చుంది. కనిపిస్తే మళ్ళీ కాగితం దగ్గరికే. జిగురుతో సందు పూడ్చొచ్చు అనుకుంటారు చాలామంది, ఆ సందు దగ్గరే తర్వాత ఊడుతుంది.

జిగురు విషయంలో వాదాలు చాలా ఉన్నాయి, నా పక్షం చెప్తాను. ఫెవిక్విక్ లాంటి పల్చటి రకం తోలులోకి పాకి టిప్ అడుగుని రాయి చేస్తుంది. అదే జాతిలో జెల్ రకం దొరుకుతుంది, అది పాకదు, నేను వాడేది అదే. ఇత్తడి ఫెరూల్ అయితే ముందు ముఖాన్ని గరుకు చేసి, ఎసిటోన్‌తో తుడిచి, ఆరాక పెట్టాలి. వేలి జిడ్డు తగిలినా పట్టదు. ఒక్క చుక్క చాలు. నొక్కి పెట్టి, రాత్రంతా వదిలేయండి. వెంటనే ఆడాలని పక్కన నిలబడి తొందరపెట్టేవాడికి వేరే క్యూ ఇచ్చి పంపండి.

టిప్ ఎప్పుడూ ఫెరూల్ కంటే అరమిల్లీమీటరు పెద్దదే కొంటాం. ఆరాక ఆ మిగులు కోయాలి. ఫెరూల్‌కి మాస్కింగ్ టేపు చుట్టి, క్యూని తలకిందులు చేసి టిప్‌ని చెక్క మీద ఆనించి, కొత్త బ్లేడుతో ఫెరూల్ వైపు నుంచి కిందికి పలచగా కోస్తూ చుట్టూ తిరగండి. తర్వాత 600 కాగితం. చివర్లో పక్కలు కాస్త తడి చేసి, తోలు ముక్కతో వేడి పుట్టేదాకా గట్టిగా రుద్దితే మెరుపు తేలి, పక్కలు గట్టిపడతాయి. అప్పుడే టిప్ త్వరగా పుట్టగొడుగై బయటికి పొంగదు. పై గుండ్రానికి అమెరికా వాళ్ళు తమ ఐదు సెంట్ల నాణెం వంపుని కొలతగా వాడతారు, దాని వ్యాసం 21.21 మి.మీ. మన దగ్గర 2011లో వచ్చిన రకం రూపాయి నాణెం కూడా దాదాపు 22 మి.మీ.లే, పూల్ టిప్‌కి అది చక్కగా సరిపోతుంది. స్నూకర్ టిప్ ఇంకా కొంచెం గుండ్రంగా ఉండాలి.

ఏ టిప్ అంటే, మొదట ఎల్క్‌మాస్టర్ డబ్బా ఒకటి కొనుక్కోండి. ఒకే తోలు ముక్కతో చేసిన చౌక టిప్, ఒక డబ్బాలోనే మెత్తవీ గట్టివీ కలిసి ఉంటాయి, నొక్కి చూసి వేరు చేసుకోవాలి. పంది తోలు పొరలు అతికించి చేసే జపాన్ టిప్పులు, కముయ్ లాంటివి, చెయ్యి తిరిగాక. అన్నట్టు అమెరికాలో కొందరు ఎల్క్‌మాస్టర్‌ని రాత్రంతా పాలలో నానబెట్టి, ఆరాక వైస్‌లో బిగించి గట్టిపరుస్తారు. నేను నందిని పాలతో చేసి చూశాను, టిప్ నిజంగానే గట్టిపడింది. ఇంట్లో వాళ్ళు ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

షాఫ్ట్ మీద గుంటలు తీయడం నేర్చుకుంటే పార్లర్‌లో మీ పేరు త్వరగా పాకుతుంది. గుంటలో చెక్క పోలేదు, నలిగింది అంతే. అక్కడ ఒక నీటి చుక్క వేసి, పీల్చుకున్నాక తడి గుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె కొసని ఒక్క క్షణం ఆనించి తీస్తే ఆవిరికి పీచు ఉబ్బి పైకి లేస్తుంది. పూర్తిగా ఆరాక 1000 పైన కాగితంతో ఒక్కసారి తేలిగ్గా. పీచు తెగిపోయిన గుంట మాత్రం ఇలా లేవదు. మాటిమాటికీ గరుకు కాగితం పట్టే అలవాటు చేసుకోకండి, సన్నబడిన షాఫ్ట్‌ని మళ్ళీ లావు చేయలేం. టిప్‌కి రాసే చాక్ మసి తుడిచే గుడ్డ కూడా శుభ్రంగా ఉండాలి. 1897లో పేటెంటైన స్పింక్స్ చాక్ కాలం నుంచీ అందులో సున్నపు సుద్ద కాదు, సిలికా, కురువిందం పొడి ఉంటున్నాయి. ఆ పొడి అంటిన గుడ్డతో షాఫ్ట్ రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే లెక్క.

యాష్ షాఫ్ట్‌కి పచ్చి అవిసె నూనె పలచగా పట్టిస్తే మంచిది. ఆ నూనె గుడ్డలు ఉండ చుట్టి మూల పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయండి, లేదా నీళ్ళలో వేయండి.

"ఏదో శబ్దం వస్తోంది" అని తెచ్చే క్యూలు ఎక్కువ. వీటితోనే చెవికి శిక్షణ. టిప్ సగం ఊడితే దెబ్బ బోలుగా, డొక్కుగా వినిపిస్తుంది. ఫెరూల్ లూజైతే సన్నటి టిక్కు. క్యూని నిలబెట్టి బట్‌ని నేల మీద మెల్లగా తాటిస్తే గలగలమందంటే లోపలి బరువు బోల్టు వదులైందన్నమాట. కింది రబ్బరు బంపర్ తీసి, పొడుగు అలెన్ కీతో బిగిస్తే సరి. జాయింట్ విప్పి రెండు ముక్కలనీ విడివిడిగా తట్టి చూడండి, శబ్దం ఒక్కదాంట్లోనే వస్తే సగం వెతుకులాట తప్పుతుంది. జాయింట్ పిన్ కదులుతుంటే మాత్రం మీరు చేయి పెట్టకండి, అది లేత్ పని.

ఫెరూల్ నుంచి లేత్ అవసరం మొదలవుతుంది. ఇత్తడి ఫెరూల్ తీయడానికి సోల్డరింగ్ ఐరన్ ఆనిస్తే లోపలి ఎపాక్సీ జిగురు మెత్తబడి తిప్పితే వచ్చేస్తుంది, లోపలి చెక్క కాలనంత వేడి చాలు. పూల్ ఫెరూల్‌ని మాత్రం లేత్ మీద చెక్కుకుంటూ పోయి, లోపల ఫెరూల్ తొడిగే చెక్క మొలక దెబ్బ తినకుండా ఆపాలి. కొత్త ఫెరూల్ ఆ మొలక మీద చేత్తో నొక్కితే జారేంత బిగువుతో ఉండాలి, మరీ బిగుతైతే ఎపాక్సీకి చోటుండదు. బెంగళూరులో ఉన్నవాళ్ళ అదృష్టం ఏంటంటే దీనికి లేత్ కొనక్కర్లేదు. పీణ్యలో, లగ్గెరెలో జాబ్‌వర్క్ షెడ్లు వీధికి నాలుగుంటాయి. శనివారం సాయంత్రం పని తక్కువుండే వేళ వెళ్ళి లేత్ నడిపే టర్నర్‌ని మాట్లాడుకోండి. వాళ్ళల్లో తెలుగువాళ్ళు బోలెడుమంది, చిత్తూరు, అనంతపురం యాస వినిపిస్తే సగం పని అయినట్టే. రెండు జాగ్రత్తలు చెప్పాలి. లేత్‌లో ముక్కని పట్టి ఉంచే చక్ దవడలు చెక్కని కొరుకుతాయి, అందుకని నైలాన్‌తో చీలిక ఉన్న తొడుగు (బుష్) చేయించుకుని షాఫ్ట్‌ని అందులో పట్టించండి. చక్, బెడ్ శుభ్రంగా తుడవకుండా మీ క్యూ ముట్టుకోనివ్వకండి, కటింగ్ ఆయిల్ పీల్చుకున్న మేపుల్ మళ్ళీ తెల్లబడదు. టర్నర్లకి థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, లెక్క నీళ్ళప్రాయం, ఊగు కొలిచే డయల్ గేజ్ పెట్టి షాఫ్ట్ తిప్పి చూపిస్తే మీకు అర్థమవుతుంది క్యూ అంటే ఏంటో. నడిమి గీత తప్పకుండా పట్టుకోవడం, అంతే. మిగతా పొదుగుడు, నగిషీ అంతా ఆ తర్వాతే.

లేత్ కొనే రోజు వస్తే ఒక్క కొలత చూడండి, ముక్కని తిప్పే స్పిండిల్ మధ్యలో, క్యూ దూరే రంధ్రం ఎంత అని. చిన్న టేబుల్ లేత్‌లలో అది 20 మి.మీ. దగ్గర ఉంటుంది. షాఫ్ట్ టిప్ వైపు నుంచి చాలావరకు దూరుతుంది గానీ, 30 మి.మీ. ఉండే బట్ దూరదు. బట్ పని కూడా చేయాలంటే 35 మి.మీ. ఉండాలి. టిప్, ఫెరూల్ పనికి చిన్నదే ఎక్కువ.

తయారీలోకి ఎలా దిగాలన్నది మీ అసలు కోరిక. నా సలహా కన్వర్షన్‌తో మొదలుపెట్టమని: ఒకే ముక్కగా ఉన్న మంచి హౌస్ క్యూని మధ్యలో కోసి, జాయింట్ వేసి రెండు ముక్కల క్యూ చేయడం. ఇదేమీ చిన్నతనం కాదు. అమెరికాలో క్యూ తయారీకి పెద్ద పేరైన జార్జ్ బాలాబుష్కా 1912లో రష్యాలో పుట్టి, అక్కడికి వలస వెళ్ళి, చెక్క బొమ్మలూ వడ్రంగమూ చేసుకుంటూ బతికినవాడు. 1959 ప్రాంతంలో న్యూయార్క్‌లో తన పూల్ రూమ్‌లో క్యూలు రిపేరు చేస్తూ ఈ దారిలోకి వచ్చాడు. మొదట్లో ఆయన బట్‌లకి వాడినవి బ్రన్స్‌విక్ కంపెనీ టైట్లిస్ట్ హౌస్ క్యూలే. జాయింట్‌లో వేసే పిన్ ఎంచుకునేటప్పుడు అంగుళంలో 5/16 వంతు లావు, అంగుళానికి 18 మరలు ఉన్నది తీసుకోండి. దానికి మరలు కోసే ట్యాప్ బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. అందరూ పొగిడే 3/8, 10 మరల పిన్‌కి ట్యాప్ బయటి దేశం నుంచి తెప్పించాలి. 5/16కి అమెరికా కొలత యూఎన్‌సీ ట్యాప్ అని నొక్కి అడగండి, బ్రిటిష్ కొలత బీఎస్‌డబ్ల్యూ ఇస్తే మరల సంఖ్య ఒకటే గానీ కోణం వేరు.

పూర్తి క్యూ అంటే కలపతో కాపురం. మన దగ్గర ఫర్నిచర్ కోసం దిగుమతి చేసుకునే టింబర్ వ్యాపారుల దగ్గర అమెరికన్ యాష్ పలకలు దొరుకుతాయి. పలకలు తిరగేసి, రేఖలు ఈ చివర నుంచి ఆ చివర దాకా పక్కకి జారకుండా పోయేవే ఏరుకోండి. మేపుల్‌లో రేఖ కంటికి సరిగా కనపడదు. ఇంకు చుక్క ఒకటి పెడితే అది పీచు వెంట పాకుతుంది, పాకిన దిక్కు షాఫ్ట్ పొడవుతో కలిస్తే మంచి ముక్క. అమెరికాలో బేస్‌బాల్ మేపుల్ బ్యాట్లకి చేసే పరీక్ష ఇదే. చదరపు కర్రని ఒక్కసారే తిప్పి 13 మి.మీ.లకి తెచ్చేస్తే రెండో రోజుకి అప్పడంలా వంపు తిరుగుతుంది. లోపల ఇరుక్కున్న ఒత్తిడి, తేమ రెండూ మెల్లగా బయటికి రావాలి. అందుకని లావుగానే గుండ్రం చేసి, నిలువుగా వేలాడదీసి, వారాల ఎడంతో కొంచెం కొంచెం తీస్తూ పోతారు. ఆర్నెల్లు తక్కువ, ఏడాది మామూలు. ఈ మధ్యలో వంగినవి పక్కన పడేస్తారు, మళ్ళీ సాగదీయరు. చెన్నైలో పని చేసేవాళ్ళకి తేమ తిప్పలు ఇంకా ఎక్కువ. అక్కడ సముద్రగాలికి ఆరిన షాఫ్ట్ ఇక్కడికొచ్చి ఫిబ్రవరి ఎండకి ఇంకాస్త ఆరి కదలడం నేను చూశాను. కోత కూడా చేతి ఉలితో కాదు. సన్నటి పొడుగు షాఫ్ట్ ఉలి ఒత్తిడికి ఊగిపోతుంది, అందుకే పక్కన, షాఫ్ట్ సన్నబడే తీరు (టేపర్) చెక్కిన పట్టీ వెంట నడిచే రూటర్ అనే కోత యంత్రంతో కోస్తారు.

కలప గురించి చదువుకోవాలంటే మల్లేశ్వరంలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఉంది. కలప గుర్తింపు, ఆరబెట్టడం (సీజనింగ్) మీద అక్కడ చిన్న శిక్షణలు పెడుతుంటారు. ఒక ఆదివారం చన్నపట్న కూడా వెళ్ళిరండి, అరవై కిలోమీటర్లే. మన ఏటికొప్పాకలో బొమ్మలకి వాడే అంకుడు కర్రే అక్కడా వాడతారు. క్యూకి ఆ కర్ర పనికిరాదు, అది మెత్తన. కానీ తిరిగే చెక్క ముందు వాళ్ళు చేయి ఎలా నిలుపుతారో చూడటానికి వెళ్ళండి.

డబ్బు మాట అడగలేదు గానీ చెప్తాను. టిప్ ఖరీదు మీద వంద రూపాయలు తీసుకోవడంతో మొదలుపెట్టాను. దీని మీద ఉద్యోగం మానే ఆలోచన ఉంటే కొన్నాళ్ళు ఆగండి.

ఇక ఎర్రచందనం. వద్దు. అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో రెండో జాబితాలో ఉంది, మన దగ్గర కొట్టడానికీ తరలించడానికీ అటవీ శాఖ అనుమతి ఉండాలి. తాతగారి కాలం నాటి ముక్కే అన్నా చెక్‌పోస్టు దగ్గర వినరు. రోజ్‌వుడ్ బట్‌లకి వాడే కలపే గానీ 2017 నుంచి అది చెందిన డాల్బర్జియా ప్రజాతి దాదాపు మొత్తం అదే జాబితాలోకి వచ్చింది. బిల్లు ఇచ్చే వ్యాపారి దగ్గరే కొనండి, బిల్లు దాచుకోండి. రోజ్‌వుడ్, ఎబొనీ పొడి ఊపిరితిత్తులకీ చర్మానికీ పడదు, గుడ్డ మాస్కు చాలదు, ఎన్95 కావాలి. మీ టేకు ముక్క మాత్రం వాడుకోవచ్చు. షాఫ్ట్‌కి పనికిరాదు, బట్‌కి తేలిక. పైగా దాంట్లో నూనె ఉంటుంది కాబట్టి జిగురు పెట్టే ముందు ఎసిటోన్‌తో తుడవాలి. టిప్ పనికి పైన చెప్పిన ఆ రంధ్రం దిమ్మ చేయించుకోవడానికి దానికి మించిన కలప లేదు.